తొండం మీద వాన

మా కాలనీ వినాయక చవితి కమిటీకి నేను కోశాధికారిని. ఎవరూ ఎన్నుకోలేదు. ఆ రోజు మీటింగుకి లేటుగా వెళ్లాను, అంతే.

పోయినేడాది ఖర్చులన్నీ పోను 18,400 మిగిలింది. "ఉండనిద్దాం, దేనికైనా పనికొస్తుంది" అన్నాను. అందరూ నన్ను దొంగను చూసినట్టు చూశారు. "మిగిలిందని తెలిస్తే వచ్చే ఏడు చందా ఎవడిస్తాడు సార్?" అన్నాడు సెక్రటరీ. ఆ 18,400 ఒక్క రాత్రిలో డీజే పాటలై గాల్లో కలిసింది.

మా బావమరిది ఆడిటర్. సంఘమన్నాక కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలంటాడు. "మా సంఘం బతికేదే తొమ్మిది రోజులురా" అన్నాను. "అయితే ఏడాది ఖర్చులో పాతిక శాతం ఉంచు బావా, అదీ అంతే కదా!" అన్నాడు. వాడి లెక్కలు వాడివి.

ఈసారి పర్యావరణమని ఐదడుగుల మట్టి విగ్రహం పెట్టాం. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి వాన దంచింది. పాత టార్పాలిన్ చిరగడానికి ఇంకెక్కడా చోటు దొరకనట్టు సరిగ్గా స్వామివారి తొండం పైన చిరిగింది. వాచ్‌మన్ స్టూలెక్కి గొడుగు పట్టాడు. తొండం కొస మెత్తబడి మోదకం వైపు వంగుతోంది.

గల్లా పెట్టె తెరిస్తే 340 రూపాయలు, అందులో ఒకటి చెల్లని పది నోటు.

డబ్బు లేదని కాదు, పుస్తకంలో ఉంది. పోయినేడాది లడ్డూ పాట 51,000. పాడినాయన ఇచ్చేది ఈ నిమజ్జనం నాడు, అది ఆనవాయితీ. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ పాటకు దిగాలంటే ముందే డిపాజిట్ కట్టాలన్నారు. మా దగ్గర డిపాజిట్ అడిగితే లడ్డూ నేనే తినాలి.

అయినా సిగ్గు విడిచి ఆయనకు ఫోన్ చేశాను. "నిమజ్జనానికి ఇంకా ఐదు రోజులుందిగా అన్నా!" అని పెట్టేశాడు.

షాపాయన్ని నిద్రలేపి, పిల్లాడి ట్యూషన్ ఫీజుకని దాచిన 2,800 పెట్టి టార్పాలిన్ తెచ్చాను. పుస్తకంలో 'చేబదులు' అని రాశాను.

నిమజ్జనమయ్యాక లెక్కలు చదివితే మూడో అంతస్తు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని అడిగారు: "పాత టార్పాలిన్ ఎంతకమ్మావు నాయనా?"