సంత సొమ్ము సంతకే

మార్చి వచ్చిందంటే గ్రామ పంచాయతీల నోటీసు బోర్డుల మీద, పురపాలక కార్యాలయాల గోడల మీద వారపు సంతల వేలం ప్రకటనలు కనిపిస్తాయి. ఏప్రిల్ 1 నుంచి మరుసటి ఏడాది మార్చి 31 వరకు సంతలో రుసుము వసూలు చేసుకునే హక్కును ఎక్కువ పాడినవారికి అప్పగించే ఈ తంతును ఆంధ్ర జిల్లాల్లో ఆశీలు పాట అని, తెలంగాణలో తైబజారు వేలం అని పిలుస్తున్నారు. ధరావతు కట్టినవారు పోటీపడతారు, సర్కారు పాట, అంటే అధికారులు ముందుగా నిర్ణయించిన కనీస మొత్తం, మీద ఎంత పెరిగిందో మరునాడు జిల్లా పేజీల్లో వార్తగా వస్తుంది, అంతటితో ఆ సంతకు సంబంధించి స్థానిక సంస్థ చేయవలసిన పని ఆ ఏడాదికి ముగిసినట్టే. దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత తెలంగాణ గ్రామాలు 2025 డిసెంబరులో సర్పంచులను ఎన్నుకున్నాయి. ఆ పాలకవర్గాలకు ఇవి తొలి వేలాలు. పాత నోటీసులో తేదీలు మాత్రం మార్చి మళ్లీ అతికించే ముందు, సంతను నడిపే తీరునే ఒకసారి తిరగేసి చూడాలని మేము కోరుతున్నాము.

వేలాన్ని సమర్థించేవారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. ఇంటి పన్ను, నీటి పన్ను పోతే గ్రామ పంచాయతీకి సొంతంగా వచ్చే ఆదాయమార్గాలు కొద్దే. పాలకవర్గాలు లేని కాలంలో కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయి, వీధి దీపాల బిల్లులకూ ట్రాక్టరు డీజిలుకూ పంచాయతీ కార్యదర్శులు ఎంత అగచాట్లు పడ్డారో గ్రామీణ ప్రాంతాలు మరచిపోలేదు. సంత ఉన్న ఊరికి ఏడాది మొత్తం సొమ్ము ఒక్కసారిగా చేతికి రావడం చిన్న వెసులుబాటు కాదు. వసూలుకు సిబ్బందిని పెట్టుకోనక్కరలేదు, లెక్కలు చూడనక్కరలేదు, ఎండనపడి తిరగనక్కరలేదు.

అయితే ఆ సొమ్ము పాటదారు జేబులోంచి వచ్చేది కాదు. అతను ముందుగా కట్టినదాన్ని యాభై రెండు వారాల్లో రాబట్టుకోవాలి, ఆపైన మిగిలిందే అతనికి లాభం. రెండు వారాలు వాన కురిసి సంత జరగకపోతే ఆ లోటు మూడో వారం గంపల మీద పడుతుంది. పోరుపెట్టుకుని పాటను ఆకాశానికి తీసుకువెళ్లిన ఏడాది వసూలు మరింత కరకుగా సాగుతుంది. అందుచేత ‘ఈసారి సంత పాట రికార్డు ధర పలికింది’ అనే వార్త చదివి పాలకులు సంబరపడుతున్నప్పుడు, ఆ రికార్డును తీర్చేది ఆకుకూరల కట్టలు, అర గంప వంకాయలు పరచుకుని కూర్చున్న రైతు మహిళ అనే సంగతి గుర్తుకు రావాలి. ఆమెకూ, వ్యాను నిండా బట్టలు దించిన వ్యాపారికీ ఒకే రేటు పడే చోట్లు ఉన్నాయి. ఇంత అని రాసి ఉన్న బోర్డు ఎక్కడా లేకపోతే, అడిగినంత ఇవ్వడమే రేటు అవుతుంది.

పంచాయతీరాజ్ చట్టాన్ని తెరిచి చూస్తే, సంతలో ఏమేమి వసూలు చేయవచ్చో అందులో విడివిడిగానే ఉంది. సరుకు పెట్టుకునే చోటుకు ఒక రుసుము, సరుకు తెచ్చిన బండికి ఒకటి, అమ్మకానికి తోలుకొచ్చిన పశువుకు మరొకటి, దళారులకూ కాటావారికీ లైసెన్సు రుసుము. ప్రభుత్వం గరిష్ఠ రేటు నిర్ణయించినచోట దాన్ని మించరాదు. అంటే ఆకుకూరలమ్మకూ బట్టల వ్యాపారికీ తేడా చూపడానికి కొత్త చట్టం అవసరం లేదు, వేలం షరతుల్లో నాలుగు వాక్యాలు చేర్చితే చాలు. పాటకు ముందే రేట్ల పట్టికను నిర్ణయించి, దానికి లోబడే పాడాలని చెబితే పాట మొత్తం కొంత తగ్గవచ్చు. ఆ తగ్గుదలను నష్టంగా లెక్క వేయడం పొరపాటు, ఎందుకంటే అది అసలు రావలసిన సొమ్మే కాదు.

పశువుల సంతలో ఈ వ్యవహారం మరింత బరువైనది. అక్కడ పాటదారు మనిషి రాసిచ్చే చీటీ కేవలం రుసుము రసీదు కాదు. కొన్న రైతు ఎడ్లను డీసీఎంలో ఎక్కించుకుని పోతుండగా దారిలో పోలీసులు ఆపితే, అవి తనవేనని చూపుకోవడానికి అతని చేతిలో ఉండే కాగితం అదొక్కటే. అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, పశువు ఆనవాళ్లు, ధర స్పష్టంగా లేని చీటీ ఇచ్చినందుకు పాటదారుకు పోయేదేమీ లేదు, పోయేది రైతుకే. ఇంతటి కాగితాన్ని స్థానిక సంస్థ ముద్ర లేకుండా, వరుస సంఖ్య లేకుండా ఎవరో అచ్చు వేయించిన పుస్తకంలోంచి చించి ఇవ్వడాన్ని మేము అంగీకరించలేము. ఆర్టీసీ కండక్టరు చేతిలో ఉండే టికెట్ యంత్రం లాంటిది సంత గేటు దగ్గర ఎందుకు ఉండకూడదో ఏ అధికారీ చెప్పలేరు. అది ఉంటే ఏ వారం ఎంత వసూలైందో కార్యాలయానికి కూడా తెలుస్తుంది, మరుసటి ఏడాది సర్కారు పాటను ఊహ మీద కాక లెక్క మీద నిర్ణయించవచ్చు.

పరిపాలన మారినప్పుడు సంత ఎటు పోతుందన్నది మరో చిక్కు. వనపర్తి జిల్లా పెబ్బేరు శనివారం సంతను పాలమూరు రైతులకు పరిచయం చేయనక్కరలేదు. 44వ జాతీయ రహదారి పక్కన ఉన్న ఆ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. ఆ ఏడాది తెలంగాణలో పదుల సంఖ్యలో గ్రామ పంచాయతీలు అలాగే పట్టణాలుగా మారాయి, వాటిలో సంతలు ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. బోర్డు మారిన రోజు నుంచి ఆ సంతల్లో కూర్చునేవారికి 2014 నాటి వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం పట్టణ స్థానిక సంస్థలకే పరిమితం, పంచాయతీల జోలికి రాదు. పట్టణంలో వీధి వ్యాపార వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలని అది చెబుతోంది. అమ్మేవారూ కొనేవారూ తరతరాలుగా తమంతట తాము చేరే చోటును సహజ విపణిగా గుర్తించాలంటుంది. అలాంటి చోట యాభై ఏళ్లకు మించి వ్యాపారం సాగి ఉంటే దాన్ని వారసత్వ విపణిగా ప్రకటించాలని, అక్కడివారిని తరలించరాదని అంటుంది.

మన సంతల్లో చాలావాటికి యాభై ఏళ్ల పరీక్ష లెక్కలోనిదే కాదు, తాతల నాటివే ఎక్కువ. అయినా ఈ వాక్యాన్ని పట్టుకుని తమ సంతకు ఆ హోదా ఇచ్చిన పురపాలక సంఘం ఏదని అడిగితే చప్పున ఒక పేరు చెప్పడం కష్టం. చట్టంలోనూ లోటు లేకపోలేదు. అది ఒకే పట్టణంలో రోజూ వ్యాపారం చేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. సోమవారం ఒక ఊరు, మంగళవారం ఒక ఊరు చొప్పున వారమంతా సంతలు తిరిగే గాజుల వ్యాపారి ఏ ఊరి వీధి వ్యాపారుల సర్వేలో లెక్కకు రావాలి? తన చేనులో పండినది తెచ్చుకుని నెలకు రెండు సార్లు కూర్చునే రైతు వీధి వ్యాపారి అవుతాడా? విక్రయ కమిటీలో ఆ పట్టణపు తోపుడు బండ్లవారికి చోటు దొరికినా సంతవారికి దొరకదు. ఆ లోటును రాష్ట్ర నియమాలలో పూడ్చవలసిన బాధ్యత ప్రభుత్వాలది.

రహదారి పక్క సంతల విషయంలో ట్రాఫిక్ మాట తరచుగా వస్తుంది, అది వట్టి సాకు కాదు. పశువుల లారీలు రోడ్డు మీదే ఆగితే ప్రమాదాలు జరుగుతాయి. అయితే తరలింపే తొలి మందుగా మన కార్యాలయాలు అలవాటు పడ్డాయి. ఢిల్లీ దరియాగంజ్‌లో 1960ల నుంచి కాలిబాట మీద సాగిన ఆదివారం పుస్తకాల సంతను రద్దీ కారణంగా కోర్టు ఉత్తర్వుల మేరకు 2019లో అక్కడి కార్పొరేషన్ తొలగించి, చివరకు మహిళా హాట్ ప్రాంగణంలోకి పంపింది. యాభై ఏళ్ల మాట చట్టంలో ఉన్నా పుస్తకాలవారికి అది అక్కరకు రాలేదు. మన ఊళ్లలో లారీలకు వేరే దారి, పశువులను ఎక్కించే గట్టు, ఊరి చివర పార్కింగు ఏర్పాటు చేసి చూడకుండానే సంతను బస్సు దిగి నడవలేనంత దూరానికి పంపాలనే ప్రతిపాదనలను మేము సమర్థించము. ముసలివాళ్లూ తలమీద గంపతో వచ్చేవాళ్లూ ఆ దూరాన్ని ఆటో కిరాయిగా చెల్లిస్తారు.

ఏజెన్సీలో, అంటే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. పంచాయతీ పాలనను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం గ్రామ సంతలను, వాటి పేరు ఏదైనా సరే, నిర్వహించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ దఖలు పరచింది. పాడేరు, అరకు, చింతపల్లి సంతలలో చింతపండు, పసుపు, అడ్డాకులు, పిప్పళ్లు దించే ఆదివాసీకి ఆశీలు కన్నా తూకంలో పోయేది ఎక్కువన్నది పాత ఫిర్యాదు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టినదే ఆ దోపిడీకి అడ్డుకట్ట వేయడానికి. సంత నిర్వహణ గ్రామసభదే అయినప్పుడు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా ఒకటి పంచాయతీ తరఫున సంత మధ్యలో ఉంచి, ఎవరైనా తూచి చూసుకోవచ్చని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పని చేయని పంచాయతీ, సంతను వేలం వేసే అధికారాన్ని మాత్రం చట్టంలోంచి ఏరుకోవడం సబబు కాదు.

వేలాన్ని రేపటికి రేపు రద్దు చేయాలని మేము అనడం లేదు. సిబ్బందే నేరుగా వసూలు చేసిన చోట్ల సొమ్ము పక్కదారి పట్టిన సందర్భాలూ ఉన్నాయి, పైగా ఒకే కార్యదర్శి ఉన్న పంచాయతీకి సంత రోజున పదిమందిని పెట్టే శక్తి లేదు. చిన్న సంతల్లో మహిళా స్వయం సహాయక సంఘాలకు కమీషను మీద వసూలు అప్పగించి ఒక ఏడాది చూడవచ్చు. పాట పెట్టక తప్పని చోట వచ్చిన మొత్తంలో కొంత వాటాను విడిగా ఉంచి, సంత స్థలం మీదే ఖర్చు చేయాలని తీర్మానం చేయాలి. నీడకు రేకుల షెడ్డు, పశువులకు నీటి తొట్టి, సాయంత్రానికి దీపాలు ఇందులోంచే రావాలి. అన్నిటికన్నా ముందు మరుగుదొడ్డి కావాలి. తెల్లవారుజామున బయలుదేరి చీకటిపడ్డాక ఇల్లు చేరే మహిళలు సంత రోజున మంచినీళ్లు తాగడానికే వెనకాడే పరిస్థితి, లక్షల్లో పాట పలికిన చోట కూడా ఉండటం ఆ పాలకవర్గానికి తలవంపులు.

తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. వేలానికి ముందు జరిగే సభను సంత జరిగే రోజున, సంత జరిగే చోటే పెట్టి, రేట్ల పట్టికనూ షరతులనూ అక్కడ కూర్చున్నవారికి చదివి వినిపించాలి. పొరుగూరి నుంచి వచ్చినవారికి ఆ సభలో ఓటు లేకపోవచ్చు, మాట చెప్పనివ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. వారి అభ్యంతరాలను తీర్మానాల పుస్తకంలో రాసి, ఆ తర్వాతే పాట తేదీ ప్రకటించాలి.