గొడుగు కింద పదివేల అడుగులు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడగానే హైదరాబాద్‌లో రెండు జరుగుతాయి. కరెంటు పోతుంది. మా కాలనీ వాకర్స్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి సంకల్పబలం వస్తుంది. మొదటిది గంటలో సర్దుకుంటుంది. రెండోది ముసురు విడిచేదాకా వదలదు.

తెల్లవారుజామున ఐదింటికి, కప్పలు ఇంకా గొంతు సవరించుకోకముందే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. పైన ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ (ఆయన్ని చూసి వారమైంది కదా, మొహం మర్చిపోకుండా కాబోలు). కింద పెద్ద అక్షరాల్లో "వాన ఒక సాకు మాత్రమే". ఆ కింద వరసగా నమస్కారాలు, బొటనవేళ్లు, రెండు గులాబీలు. ఆ పొద్దున కాలనీలో ఎవరూ దుప్పట్లోంచి బయటికి రాలేదు. బొటనవేళ్లు మాత్రం వచ్చాయి.

వానను సాకు అనడానికి ఎంత గుండె ఉండాలి! మన పెద్దవాళ్లు కప్పలకు పెళ్లిళ్లు చేసి, ఊరి మధ్యలో విరాటపర్వం చదివించి, దండాలు పెట్టి పిలిపించుకున్నారు వానదేవుణ్ని. రైతులు "ఉత్తర చూసి ఎత్తర గంప" అని ఒక్క కార్తె మీద ఏడాది బతుకంతా పెట్టుకున్నారు. అంత చేసి రప్పించుకున్న పెద్దమనిషిని ఒక వాకర్స్ గ్రూపు అడ్మిన్ సాకు అనేస్తే ఆయన మాత్రం ఏం కావాలి?

సరే, ప్రెసిడెంటు గారి క్రమశిక్షణ గురించి నాకు అనుమానం లేదు. ఆయన వానలో కూడా వ్యాయామం మానరు. గాజు తలుపులేసిన బాల్కనీలో ట్రెడ్‌మిల్ ఉంది. ముసురు పట్టినప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తారని గిట్టనివాళ్లు అంటారు గానీ, నేను నమ్మను. వాళ్లింట్లో డ్రయ్యర్ ఉంది. పార్కు వాళ్లింటికి ఒక సందు అవతల. అక్కడికి కారులో వస్తారు. కారు దిగి షెడ్డు దాకా డ్రైవరు గొడుగు పడతాడు. డ్రైవరు తడుస్తాడు. అది ఎవరి వ్యాయామం కిందికి వస్తుందో అసోసియేషన్ బైలాస్‌లో రాయలేదు.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం "వర్షంలో వాకింగ్" అని కార్యక్రమం పెట్టారు. దానికి ఫ్లెక్సీ. మన దగ్గర ఫ్లెక్సీ లేకుండా మంచం దిగడం కూడా కుదరదు. ఫ్లెక్సీ నిండా ప్రెసిడెంటు గారు, చుట్టూ చిన్న చిన్న గుండ్రాల్లో కార్యవర్గం. జెండా ఊపారు, నాలుగడుగులు వేశారు, వాన పెరిగింది. కర్రలకు కట్టిన ఫ్లెక్సీని విప్పి అందరూ నెత్తిన పట్టుకున్నారు. నడక ఆగలేదు. సంకల్పం అంటే అదీ!

ఫ్లెక్సీ కింద ఎవరెక్కడ ఉండాలన్నది రాజ్యాంగబద్ధంగా తేలిపోయింది. నడిమధ్యలో ప్రెసిడెంటు గారు. ఆయన చుట్టూ కార్యవర్గం. అంచుల్లో, అంటే సగం భుజం లోపలా సగం వానలోనూ, కొత్త సభ్యులూ చందా బాకీ ఉన్నవాళ్లూ. పొడుగువాళ్లు ముందూ పొట్టివాళ్లు వెనకా ఉండటంతో నీళ్లన్నీ మధ్యకు జారి నిలిచాయి. ఫ్లెక్సీ పొట్ట దిగింది. అచ్చులో ఉన్న ప్రెసిడెంటు గారి ముఖం బుగ్గలు ఉబ్బించుకుని కిందికి వంగి, అసలు ప్రెసిడెంటు గారి బట్టతలను తాకింది. ఆత్మసాక్షాత్కారం అంటారే, దాదాపు అలాంటిది. నీళ్లు ఒంపేద్దామని వైస్ ప్రెసిడెంటు గొడుగు మొనతో కింది నుంచి పొడిచారు. ఆ నీళ్లన్నీ ట్రెజరర్ మీద పడ్డాయి. లెక్కల పుస్తకం ఆయన చంకలో ఉంది. ఈ ఏడాది ఆడిట్ జరగదని అప్పుడే అర్థమైపోయింది.

అలా, దేవుడి ఉత్సవ విగ్రహాన్ని మోస్తున్నంత నెమ్మదిగా, ఊరేగింపు పార్కు గేటు దగ్గర జావ బండికి చేరింది. నీలం టార్పాలిన్ కింద స్టీలు క్యాన్లు: రాగిజావ, కాకర రసం, బూడిద గుమ్మడి, గోధుమగడ్డి. జావ పోసే అక్క ఈ గుంపును చూసి నవ్వలేదు. ఆదివారం పొద్దున నవ్వితే ఎంత బేరం పోతుందో ఆమెకు తెలుసు. అక్కడ తలా ఒక గ్లాసు పుచ్చుకుని, పక్కనే మిరపకాయ బజ్జీ వాసన రాగానే ఆరోగ్యం నుంచి విరామం ప్రకటించారు. రౌండు పూర్తయినట్టే లెక్క అని కార్యదర్శి అన్నారు. ఎవరూ కాదనలేదు, అందరి నోట్లోనూ బజ్జీ ఉంది.

ఇంతా చేసి ప్రెసిడెంటు గారి చేతి గడియారం 640 అడుగులే చూపించింది. కావలసింది పదివేలు. ఆయన కాసేపు ఆలోచించి గడియారం విప్పి, మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చేతికి కట్టారు.

"ఏమోయ్, సాయంత్రం దాకా ఉంచుకో. పారేసుకోకు."

"సార్, గిది తడిస్తే ఖరాబైతదా?"

"కాదులే, వాటర్‌ప్రూఫ్."

"మంచిగున్నది సార్. మోకాలు గూడ గట్లుంటే బాగుండు."

మా వాచ్‌మన్‌ది పాలమూరు. ఐదంతస్తులకూ పాల ప్యాకెట్లు, మోటరు ఆన్, మోటరు ఆఫ్, సంప్‌లోకి వాననీళ్లు పోతున్నాయా చూడటం, ఆ వానలోనే కార్లు తుడవడం (తుడవకపోతే కొందరికి కోపం, వాన కడిగింది కదా అంటే ఇంకా కోపం). సాయంత్రానికి గడియారం ఇరవై వేలు దాటి, "అభినందనలు" అంటూ టపాసులు పేల్చింది. ప్రెసిడెంటు గారు దాని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, "సంకల్పముంటే వాన ఏం చేస్తుంది" అని. మళ్లీ బొటనవేళ్లు. మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

ఇంతకీ ఈ పదివేలు ఏ ధన్వంతరి చెప్పిన అంకె? ఏ డాక్టరూ చెప్పలేదు. టోక్యో ఒలింపిక్స్ వేడి చల్లారకముందే, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. పదివేలు దాని ప్రచారంలో పుట్టిన అంకె. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాల్లో తేడా కనిపించింది, 7,500 దాటాక అదనపు లాభం ఆగిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లోనైతే అడుగుల లెక్కే లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరుగా ఒళ్లు కదలాలి, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి, అంతే. వానలోనే చెయ్యాలనిగానీ, ఫ్లెక్సీ కట్టాలనిగానీ అందులో లేదు. ఇంట్లో గుంజీళ్లు తీసినా లెక్కలోకి వస్తుంది. మన ఒకటో తరగతి మాస్టార్లు ఈ విషయం ముందే గ్రహించారు.

ఇంట్లో చేద్దామంటే అపార్ట్‌మెంట్లలో ఇంకో సరదా. మెట్లు ఎక్కి దిగుదామంటే మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పిల్లల సైకిళ్లు, ఎవరివో తెలియని తులసికోటలు. తాడాట ఆడితే కింది ఫ్లాట్ వాళ్లు చీపురు కర్రతో సీలింగ్ మీద జవాబిస్తారు. చివరికి మిగిలేది సూర్యనమస్కారాలు, అదీ సూర్యుడు లేకుండా. ఆయన పరోక్షంలో చేసినా ఫలితం ఉంటుందని మా గ్రూపులో ఒక పెద్దాయన భరోసా ఇచ్చారు. పార్కు షెడ్డులో నవ్వుల బ్యాచ్ ఒకటుంది, అది మాత్రం ఏ వానకూ ఆగదు. 1995లో ముంబయిలో ఒక డాక్టరు పార్కులో మొదలుపెట్టిన పద్ధతట. కారణం లేకుండా నవ్వాలి. బయట మోకాలి లోతు నీళ్లు, లోపల హహ్హహ్హ. నాకు అది వ్యాయామంలా కాదు, వార్డు మీటింగులా వినిపిస్తుంది.

ఈ మధ్య వెనక్కి నడవడం కొత్త ఫ్యాషన్. మోకాళ్లకు మంచిదని ట్రాక్ మీద పదిమంది వెనక్కి వెనక్కి నడుస్తుంటారు, ఎదురొచ్చేవాళ్లను వీపులతో గుద్దుకుంటూ. దీన్ని మన ఆడవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నారు. వరి నాట్లు వేసేటప్పుడు నడుం వంచి, వానలో, బురదలో పొద్దున్నించి పొద్దుగూకేదాకా వెనక్కే నడుస్తారు. వేళ్ల సందులు పాసిపోతాయి. రాత్రికి నూనో పసుపో రాసుకుని, తెల్లారి మళ్లీ దిగుతారు. వాళ్లకు ఐదింటికి ఎవరూ సూర్యుడి బొమ్మ పంపరు. మా కాలనీ రోడ్లు ఊడ్చే ఆమె కూడా అంతే. ప్లాస్టిక్ సంచిని తల మీద కోలగా మడిచి పెట్టుకుని వస్తుంది, అదే ఆమె రెయిన్‌కోటు. ప్రెసిడెంటు గారి మెసేజ్ గ్రూపులో పడేసరికి ఆమె సగం వీధి ఊడ్చేసి ఉంటుంది.

అయినా, వానాకాలంలో ఈ ఊళ్లో జనం నడవకపోవడం సంకల్పం తక్కువై కాదయ్యా ప్రెసిడెంటు గారూ. కాలు ఎక్కడ పెట్టాలో తెలియక. ఫుట్‌పాత్ అనేది ఇక్కడ పాన్‌డబ్బాకు వరండా, ట్రాన్స్‌ఫార్మరుకు పీట, బుల్లెట్ బండికి పడకగది. అది దిగి రోడ్డు మీద నడిస్తే నీళ్ల కింద ఏముందో తెలియదు. ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం. జారితే పట్టుకుందామంటే కరెంటు స్తంభం, వానలో దాన్ని ముట్టుకుంటే ఆ తర్వాత వ్యాయామంతో పని ఉండదు. మ్యాన్‌హోల్‌కి మూత లేకపోతే మనవాళ్లు అందులో వేపకొమ్మ గుచ్చుతారు. కొమ్మకు ఎర్రగుడ్డ కట్టారంటే అది డీలక్స్ ఏర్పాటు. మా వీధిలో కొమ్మ బదులు ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒకప్పుడు తెల్లది. ఒక కాలు లేదు. వీపు మీద ఏదో టెంట్‌హౌస్ పేరు సగం చెరిగి కనిపిస్తుంది. చిన్న వానకు అది కాపలా కాస్తుంది. పెద్ద వానకు తేలుతుంది. గొయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

2020లో వాన వెలిశాక సైకిలేసుకుని బయటికెళ్లిన పిల్ల ఈ ఊరి నాలాలో కొట్టుకుపోయింది. 2023లో సికింద్రాబాద్‌లో, పొద్దున్నే పాల ప్యాకెట్‌కు వెళ్లిన పిల్ల మ్యాన్‌హోల్‌లో పడి చచ్చిపోయింది. పాల ప్యాకెట్‌కండీ! అడుగులు లెక్కపెట్టుకోవడానికి కాదు, అభినందనల టపాసులకు కాదు. ఆ పిల్లల తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్పండి, వాన సాకు అని. చెప్పలేరు కదా? అయితే మా ముందు కూడా చెప్పకండి. మీకు సంకల్పం అంత పొంగుతుంటే ఆ మూత ఎవరి బాధ్యతో ఆ ఆఫీసుకు వెళ్లి కూర్చోండి. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయదు. అడుగులూ కలిసొస్తాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది (దాన్ని ఎవరైనా ఔట్‌డోర్ జిమ్ అనకముందే మనం మాట్లాడటం మానేద్దాం). ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నదికి ఎగువన జలాశయాలూ ఊళ్లో మురుగుకాలువలూ ఎలా ఉండాలో గీసిచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లేచాయి. ఆ రోజుల్లో ఈ ఊరు నదిని పట్టి నిలిపింది. ఇప్పుడు ఇనప మూతను నిలపలేకపోతోంది. దొంగలు పాత ఇనుము కింద అమ్ముకుంటున్నారట, ఏం చేస్తాం అంటారు. మరి దొంగ వానలో, చీకట్లో, అంత బరువెత్తుకుని నడుస్తున్నాడు. అసోసియేషన్ వాళ్లు చూడాల్సిన ఫిట్‌నెస్ అది.

మా వీధి మూత గురించి యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. పరిష్కారమైపోయిందని ఫొటోతో సహా జవాబొచ్చింది. ఫొటోలో కొత్త మూత, మంచి ఎండ, పక్కన కొబ్బరిచెట్టు. మా వీధిలో కొబ్బరిచెట్టు లేదు. ఆ వారం మొత్తం ఊళ్లోనే ఎండ లేదు. ఆ ఫొటో గ్రూపులో పెడితే ముందు నాలుగు బొటనవేళ్లు పడ్డాయి, చూడకుండా వేసినవి. తర్వాత అసోసియేషన్ గట్టిగానే స్పందించింది. అత్యవసర సమావేశం పెట్టి, గొయ్యి దగ్గరికి కొత్త కుర్చీ శాంక్షన్ చేసింది, నాలుగు కాళ్లదీ. దాని వీపు మీద ప్రెసిడెంటు గారి పేరు రాయించాలా, ఫొటో వేయించాలా అని గ్రూపులో పోలింగ్ నడుస్తోంది. ప్రస్తుతానికి ఫొటో ముందుంది.