రాజుకి రాసిన ఆ ఉత్తరం సంగతి వదిలేశారు

స్పెయిన్ వాళ్లు రాకముందు పెరూని ఏలిన ఇంకాల గురించి మీరు వేసిన ఆర్టికల్ బానే ఉంది గానీ "ఇంకాలకి లిపి లేదు, అందుకే వాళ్ల వైపు కథ మనకి దొరకలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అక్కడే నాకు పేచీ. పెరూలో గువామన్ పోమా అని అక్కడి స్థానిక జాతివాడే ఒకాయన 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌కి దాదాపు 1,200 పేజీల ఉత్తరం రాశాడండీ, అవును ఉత్తరమే! అదీ దొరల స్పానిష్‌లోనే, మధ్యమధ్యలో తన క్వెచువా (ఇంకాల భాష) కలిపేసి, పైగా సుమారు 400 బొమ్మలు చేత్తో గీసి మరీ. మగ్గం ముందు కూర్చున్న ఆడమనిషిని కొడుతున్న చర్చి ఫాదర్ బొమ్మ కూడా ఉంది అందులో. నాకు మాత్రం ఇంకాల రాజు బొమ్మే మర్చిపోలేనిది, బంగారం చూపించి "ఇదేనా మీరు తినేది?" అని క్వెచువాలో అడుగుతాడు, ఎదురుగా ఉన్న స్పెయిన్ వాడు "ఆ, ఇదే తింటాం" అంటాడు. వెటకారం చూడండి!

ఫిలిప్ రాజుగారి నుంచి జవాబొచ్చిన దాఖలా అయితే లేదు. ఆ రాతప్రతి ఎలా వెళ్లిందో గానీ 1908లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ రాయల్ లైబ్రరీలో బయటపడింది. ఇప్పుడు వాళ్ల సైట్‌లో పేజీలన్నీ ఫ్రీగానే ఉన్నాయి, స్పానిష్ రాకపోయినా బొమ్మల కోసమైనా ఓసారి తిరగేయండి.