‘బోంజూర్’ నేర్చుకుని కువైట్ వెళ్తున్నాం

మా పక్క వీధి కుర్రాడికి కువైట్ వీసా వచ్చింది. వెల్డరు. బయల్దేరడానికి వారం ముందు ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అందులో ఎవరో పంపిన రంగుల కార్డు. ‘ప్రయాణాలకు పనికొచ్చే పది భాషల పలకరింపులు’ అట. నీ హావ్, ఓలా, బోంజూర్, కొన్నిచివా అంటూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేశాడు. అరబిక్‌లో ఏమంటారని అడిగాను. ‘అస్సలాము అలైకుమ్’ అన్నాడు. అదే మాట అవతలివాడు ముందు నీతో అంటే నువ్వేమంటావురా అన్నాను. కార్డుని పైకీ కిందకీ జరిపి చూశాడు. జవాబు అందులో లేదు.

‘వ అలైకుముస్సలామ్’ అనాలి. చిన్న విషయమే. కానీ పలకరింపంటే ఇద్దరు ఆడే ఆట, ఒకడు విసిరితే ఇంకొకడు పట్టుకోవాలి. పది భాషల్లో విసరడం నేర్పి, ఒక్క భాషలోనూ పట్టుకోవడం నేర్పని కార్డుతో ఊరు దాటడం దండగ.

భోగాపురం విమానాశ్రయం మాట మొదలైనప్పటి నుంచి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ‘ప్రపంచానికి దగ్గరైపోయాం’ అనే ఉత్సాహం ఒకటి పట్టుకుంది. ఉండనీండి. కానీ విమానాశ్రయం ఊసు లేనప్పుడే ఇక్కడి నుంచి జనం ప్రపంచంలోకి వెళ్లారు. ఉద్దానం వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లారు. మన తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్ వెళ్లి వేరావల్‌లో బోట్లెక్కారు. వాళ్లలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. ఈ వలసల కథ మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. వీళ్లెవరూ ఐఫిల్ టవర్ కింద ఫొటో దిగడానికి బయల్దేరలేదన్నదే నా పాయింటు.

ఆ కార్డులో ఫ్రెంచ్ ‘బోంజూర్’ ఉంది, బెంగాలీ లేదు. ఆమదాలవలసలో ఆగే రైలు హౌరా వెళ్తుంది గాని పారిస్ వెళ్లదు కదా! గుజరాతీ ‘కేమ్ ఛో’ లేదు, దానికి జవాబుగా వచ్చే ‘మజామా’ లేదు. పెద్ద భాషల లెక్కే అయితే, 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఫ్రాన్సు దేశం జనాభా అంత లేదు.

నాకు అసలు మంట ఇంకోచోట. ఇలాంటి కార్డుల్లో అరుదుగా తెలుగుంటే ఏం రాస్తారో చూడండి: ‘నమస్కారం, మీరు ఎలా ఉన్నారు?’ మన సంతలో ఎవరైనా ఇలా పలకరిస్తే ఓట్లకొచ్చాడనో, పాలసీ కట్టించడానికొచ్చాడనో అనుకుంటాం. మనం అనేది ‘ఏటి బావా, అన్నాలైపోనాయా?’ అని. బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడగం, అపశకునం. ‘దూరమా?’ అంటాం. ఆయన ‘ఇక్కడికే’ అంటాడు. ఆ ‘ఇక్కడికే’ ఆమదాలవలస కావచ్చు, అహ్మదాబాద్ కావచ్చు. ఎవరికీ ఏమీ తెలియలేదు, కానీ పలకరింపు అయిపోయింది. ఇక థాంక్యూ సంగతి. మంచినీళ్లిచ్చిన ఇంటావిడకి ‘ధన్యవాదాలు’ అని చెప్పి చూడండి, గ్లాసు తిరిగి తీసుకోవడానికి మొహమాటపడిపోతుంది. పెద్దవాళ్లయితే ‘సల్లగుండమ్మా’ అంటారు. మనలాంటివాళ్లం గ్లాసు ఖాళీ చేసి ‘ఇంకో గ్లాసు పట్రామ్మా’ అంటాం. ఆవిడకి అదే థాంక్స్.

మన భాషనే ఇంత తప్పుగా రాసే కార్డులు మిగతా భాషల్ని సరిగ్గా రాస్తాయని ఎలా నమ్ముతాం? ‘నీ హావ్’ అని మా కుర్రాడి కార్డులో రాసి ఉంది. చైనాలో పాత తరంవాళ్లు ఎదురుపడితే ‘చి ల మా’ అంటారు. అంటే తిన్నావా అని. సింగపూర్, మలేసియాల్లో మలయ్ మాట్లాడేవాళ్లు ‘దా మకాన్?’ అంటారు, అదీ తిన్నావా అనే. థాయిలాండ్‌లో ‘కిన్ ఖావ్ రూ యాంగ్’, అన్నం తిన్నావా ఇంకా లేదా అని. అంత దూరం ఎందుకు, ఇచ్ఛాపురం దాటితే ఒడియాలో ‘ఖాఇలణి?’ ఇచ్ఛాపురం నుంచి సింగపూర్ దాకా మనిషి మనిషిని అడిగే మొదటి ప్రశ్న అన్నం గురించే! ఇది తెలిసిన మన కుర్రాడికి సగం ఆసియా వచ్చేసినట్టే. కానీ హలో, ప్లీజ్, థాంక్యూ, గుడ్‌బై అనే నాలుగు గళ్లు ముందే గీసుకుని భాషల్ని అందులో నింపే కార్డులో అన్నానికి గడి ఉండదు.

కువైట్ సంగతీ అంతే. పుస్తకంలో ‘కైఫ హాలుక్’ అని ఉంటుంది. అక్కడి మనిషి ‘ష్లోనక్?’ అంటాడు. మాటకి మాట చూస్తే ‘నీ రంగెలా ఉంది’ అని. మొహం రంగు చూసి ఒంట్లో ఎలా ఉందో చెప్పేయడం మా అమ్మమ్మకీ వచ్చు. ‘జేన్’ అంటే సరిపోతుంది, బాగానే ఉన్నానని.

మా కుర్రాడితో ఆ కార్డు మూయించి, నోటుపుస్తకంలో వేరే మాటలు రాయించాను. నీళ్లకి మాయ్. ఒంట్లో బాలేదు, అలిసిపోయాను అనడానికి తఅబాన్. జీతానికి రాతిబ్. పాస్‌పోర్టుకి జవాజ్. ఎక్కడ అనడానికి వేన్. ఎంబసీకి సిఫారా. మన సిఫారసుకీ దానికీ చుట్టరికం లేదు గాని, గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. ‘జవాజ్ వేన్?’ అని నాలుగుసార్లు పలికించాను. పాస్‌పోర్టు వేరేవాళ్లు దాచేసుకున్న రోజున ‘బోంజూర్’ అన్నం పెట్టదు.

ఫోన్‌లో అనువాదం యాప్ ఉందిగా, హిందీ వస్తే చాలుగా అని మీలో కొందరు అంటారు. గల్ఫ్ సైట్ల మీద హిందీ నడుస్తుందన్నది నిజమే. ఫోర్‌మన్ ఏ మలయాళీయో అయి ఉండే అవకాశమూ ఎక్కువే. కానీ చేతులకి గ్లౌజులు, మొహానికి వెల్డింగ్ షీల్డు ఉన్నవాడు కళ్లు తిరుగుతుంటే యాప్ తెరుస్తాడా? నోట్లో మాట ఉండాలి.

ఇంతకీ శ్రీకాకుళం వాడు మొదట నేర్చుకునే పరాయి పలకరింపు అరబిక్ కాదు, గుజరాతీ కాదు. తెలుగు! హైదరాబాద్ హాస్టల్లో చేరిన మన పిల్లవాడు వారం తిరక్కుండా ‘ఏటి’ మింగేసి ‘ఏంటి’ అనడం మొదలెడతాడు. నేనూ మింగాను. రూమ్మేట్ నవ్వాడని ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి. మన యాస వినిపిస్తే జోకు వస్తోందని సినిమాలు జనానికి అలవాటు చేశాయి. సొంత పలకరింపుకి సిగ్గుపడినవాడు పదకొండో భాషలో హలో చెప్పి ఏం సాధిస్తాడు?

ఈ విషయంలో మనకి మార్గం చూపినాయన మన జిల్లావాడే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు. జనం నోట్లో ఉన్న తెలుగే రాయాలని పండితులతో పోట్లాడాడు. అదే మనిషి పక్క కొండల మీది సవరల భాష నేర్చుకోవడానికి ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశాడు, సవర పిల్లలకు బడి పెట్టాడు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైను మింగి మింగి చెవుడు తెచ్చుకున్నాడు. చెవితో భాష నేర్చుకున్న మనిషి చెవులే ఖర్చు పెట్టాడు. మనం ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, ఆయన ఒప్పుకోని గ్రాంథికంలో ఉపన్యాసాలిస్తాం.

సవరలుండే సీతంపేట 2022లో వేరే జిల్లాలోకి పోయింది గాని కొండలు దూరం జరగలేదు. అక్కడి సంతలో అనాసపళ్లు బేరమాడేది తెలుగులోనే. సవరవాళ్లు మన భాష నేర్చుకున్నారు, మనం వాళ్ల భాషలో ‘తిన్నావా’ అనడం నేర్చుకోలేదు. జపాన్ హలో మాత్రం వచ్చు.

మొన్న ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి కుర్రాణ్ణి సికింద్రాబాద్ రైలెక్కించాం. బండి కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి ‘బై నానమ్మా’ అని చెయ్యూపాడు. ఆవిడ రైలు పక్కన నాలుగడుగులు గబగబా నడిచి, ‘ఎల్లొస్తానను, గుంటడా’ అని కేకేసింది. వాడు అటూ ఇటూ చూసి, బోగీలోవాళ్లు వింటారని చిన్నగా అన్నాడు. ఆవిడకి వినపడలేదు. ‘గట్టిగా’ అంది.