ఎనిమిది కుర్చీలు

రిటైరైన మిలిటరీవాళ్లకి గ్రూప్ ఫొటో తీయాలంటే ముందు లెక్కలు రావాలి. కెమెరా సంగతి తర్వాత.

టైము లెక్కే చూడండి. పెద్దాయన పదింటికి ఫొటో అన్నాడు. ఆయన కింద పనిచేసినాయన ఎందుకైనా మంచిదని పావుగంట ముందుకి జరిపి తొమ్మిదీ ముప్పావు అని చెప్పాడు. ఆయన కిందాయన తొమ్మిదిన్నర అన్నాడు. ఇలా అయిదు మెట్లు దిగేసరికి ఆఖరాయన 8:45కే ఇస్త్రీ బ్లేజరుకి మెడల్స్ తగిలించుకుని ఎండలో నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్ కుర్రాడు సరిగ్గా పదింటికొచ్చాడు. అంటే గంటంబావు లేటు.

వచ్చి కుర్చీలు వేశాడు, చూడముచ్చటగా ఎనిమిది. కొంప మునిగింది అక్కడే. ముందు వరసలో కుర్చీలు బేసి సంఖ్యలో ఉండాలి. నడిమి కుర్చీ అందరికన్నా సీనియర్‌ది, ఆయన కుడిపక్కది రెండో ఆయనది, ఎడమపక్కది మూడో ఆయనది, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ఎనిమిదికి నడిమి కుర్చీ ఏది? నడుమ ఉన్నది సందు. సందుకి అటొక బ్రిగేడియరు, ఇటొక బ్రిగేడియరు.

ఇద్దరిదీ ఒకే ర్యాంకైతే అది ఎవరికి ముందొచ్చిందో చూడాలి. ఒకే రోజు వచ్చిందట. పోనీ కమిషన్ తేదీ, అంటే ఆఫీసరుగా చేరిన రోజు? ఒకే బ్యాచి. ఇక మిగిలింది అకాడమీ మెరిట్ వరస. నలభై ఏళ్ల కిందటి మార్కులు ఇద్దరికీ దశాంశాలతో సహా గుర్తున్నాయి. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారో లేదో మాత్రం ఇద్దరికీ గుర్తులేదు.

ఈలోగా కుర్రాడు జాబితాలో 'కెప్టెన్' అని ఉన్న నలుగురినీ వెనక్కి పంపేశాడు. అందులో ఒకాయన నేవీ. నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం. ఆర్మీ కెప్టెన్ నేవీకెళ్తే వట్టి లెఫ్టినెంటు. బ్రిటిష్ బాణీ ఎయిర్‌ఫోర్సులో గ్రూప్ కెప్టెన్ కూడా కల్నల్ అంతటివాడే. పాపం కుర్రాడికి ఇవన్నీ ఎవరు చెప్తారు? నేవీ ఆయన పల్లెత్తు మాటనలేదు. వెనక నిలబడి, సముద్రమేదో కనిపిస్తున్నట్టు దూరంగా చూస్తున్నాడు. అరిచేవాళ్లని సముదాయించవచ్చు గానీ ఇలాంటివాళ్లతోనే కష్టం.

వెనక వరసలో ఎత్తు గొడవ. పొడుగువాళ్లు కుడి కొసన, పొట్టివాళ్లు ఎడమ కొసన అన్నది డ్రిల్లు పాఠం. వయసు మీదపడితే వెన్నులో డిస్కులు పలచబడి మనిషి కొంత కుంగుతాడు. ఒప్పుకునేదెవరు? సర్వీసు రికార్డులో రాసిందే ఎత్తు.

ఆ వరస చివర చేతికర్రతో ఒక ముసలి సార్జెంటు. ర్యాంకులో అక్కడ అందరికన్నా కింద. కుర్చీల్లో ఉన్న సగం మందికి అకాడమీలో డ్రిల్లు నేర్పింది ఆయనే. "సర్, ఎండ ముదురుతోంది" అన్నాడు మర్యాదగా. ఎవరూ వినిపించుకోలేదు.

గొంతు సవరించుకున్నాడు. డ్రిల్లు ఆర్డరుకి రెండు ముక్కలుంటాయి. మొదటిది హెచ్చరిక, కదలాల్సింది రెండోదానికి.

"స్క్వాడ్..."

మొదటి ముక్కకే మోకాళ్లు పటపటమన్నాయి.

"...అటెన్షన్!"

కుర్చీలు ఎనిమిదీ ఖాళీ. మడమలు కలిశాయి, బొటనవేళ్లు ప్యాంటు కుట్టుకి ఆనాయి, నేవీ ఆయన చూపు సముద్రం మీంచి వెనక్కొచ్చింది. ఫొటో అప్పుడు పడి ఉంటే అదిరిపోయేది. పడలేదు. కుర్రాడు కూడా కెమెరా వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.