తిరిగొస్తానని రుజువేంటి?

అరవై ఎనిమిదేళ్ల మనిషి ఊరికే ఒక దేశం చూసి రావాలనుకోవడం అనుమానించాల్సిన విషయమే. ఆ మనిషిని నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. రెండు నెలలుగా నన్ను అనుమానిస్తున్న వాళ్లందరి పక్షాన నిలబడి రాస్తున్నాను.

మన పెద్దవాళ్లు విమానం ఎక్కడానికి లోకం ఒప్పుకున్న కారణాలు రెండే. ఒకటి పురుడు. కూతురిదైనా కోడలిదైనా సరే, ఆవకాయ సీసాలు సర్దుకుని ఆర్నెల్లు అమెరికాలో ఉండి రావచ్చు, ఎవరూ కిమ్మనరు. రెండోది పుణ్యం. మానస సరోవరం చైనా చేతిలో ఉన్నా సరే, అది యాత్రే గానీ షికారు కాదు. నాకు ఈ రెండు సాకులూ లేవు. ఇరిగేషన్ శాఖలో ముప్పై మూడేళ్లు కాలవగట్ల మీద తిరిగినవాణ్ణి. నెదర్లాండ్స్ వాళ్లు 1932లో సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల పొడవున ఒక కట్ట కట్టి ముగించారు. పేరు ఆఫ్‌స్లౌట్‌డైక్. దాని మీద నిలబడితే ఒక పక్క ఉప్పునీళ్లు, ఇంకో పక్క మంచినీళ్లు. మా సెక్షన్లో నాలుగు కిలోమీటర్ల గట్టుకు ఏటా గండి పడేది. వీళ్లది ఎందుకు పడలేదో ఒకసారి కళ్లారా చూడాలని కోరిక. అంతే.

"అంతేనా?" అన్నాడు మావాడు. "యూట్యూబ్‌లో ఉంటుంది కదా నాన్నా."

పోనీ వెళ్లేదేదో గ్రూప్ టూర్‌లో వెళ్లమన్నాడు. పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తారు, రెండు పూటలా పప్పన్నం పెడతారు, గొడుగు పైకెత్తి పట్టుకుని ఒకాయన ముందు నడుస్తుంటే తప్పిపోయే టెన్షన్ ఉండదు. అన్నీ నిజమే. కాకపోతే ఆ ఏడు దేశాల్లో ఎక్కడా బస్సు ఆపి గట్టు చూపించరు. మా ఆవిడ మాత్రం నా పక్షమే మాట్లాడింది. "పోనీరా, వద్దంటే ఇంట్లోనే ఉంటారు" అంది.

ఇక కాగితాలు. నెదర్లాండ్స్‌తో సహా యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఆరేళ్లలోపు పిల్లలకు ఉచితం, పన్నెండేళ్లలోపు వాళ్లకు సగం, నాకు పూర్తి టికెట్టు. యూరప్‌ని తప్పు పట్టలేం, మన రైల్వే కూడా సీనియర్ సిటిజన్ల రాయితీని 2020 మార్చిలో ఎత్తేసింది కదా. వీసా రాకపోతే ఫీజు తిరిగివ్వరు. హుండీలో వేసింది ఎవరైనా వెనక్కి అడుగుతారా?

అసలు చిక్కంతా తిరిగొస్తానని రుజువు చేసుకోవడంలో ఉంది. వీసా సెంటర్ కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి మా మనవరాలి కన్నా నాలుగేళ్లు ఎక్కువుంటాయేమో.

"ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ ఏది అంకుల్?"

"రిటైరయ్యానమ్మా."

"మరి సెలవు ఎన్ని రోజులు శాంక్షన్ అయింది?"

"బతికున్నన్నాళ్లూ."

ఆ అమ్మాయి నవ్వలేదు, పెన్షన్ ఆర్డరు అడిగింది. ఇచ్చాను. ఇంటి పన్ను రసీదు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా ఇచ్చాను. ఇల్లూ, పెన్షనూ, షుగర్ మాత్రలూ, పొద్దున్నే పార్కులో రాజకీయాలు మాట్లాడే బెంచీ, ఇవన్నీ వదులుకుని నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏ హోటల్లోనో అంట్లు తోముకుంటూ ఉండిపోతానని వాళ్ల భయం. కాదనలేను. ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది అదే, అక్కడైతే జీతం కూడా ఇస్తారు. వీసా కాదనే కాగితంలో ఇందుకోసం ఒక గడి అచ్చు వేసే పెట్టారు. గడువులోగా మీరు తిరిగి వెళ్తారా అన్న దానిపై సహేతుకమైన సందేహాలున్నాయని దాని భావం. ఏటా ట్రెజరీకి వెళ్లి బతికే ఉన్నానని రుజువు చూపించుకునే మనిషికి సందేహాలు కొత్త కాదు గానీ, అవి సహేతుకమైనవని ఇంత మర్యాదగా చెప్పినవాళ్లు మాత్రం వీళ్లే.

బీమా దగ్గరికొచ్చేసరికి ఈ సందేహం పోతుంది. కనీసం 30 వేల యూరోలకు పాలసీ ఉండాలి. జబ్బు చేస్తే వైద్యానికీ, వెనక్కి పంపడానికీ, పోతే పోయినందుకయ్యే ఖర్చుకీ అందులో లెక్క ఉండాలి. బతికి తిరిగొస్తానంటే నమ్మరు, చచ్చి తిరిగి రావడానికి మాత్రం ముందే డబ్బు కట్టించుకుంటారు.

రోజువారీ ప్రణాళిక కూడా రాసిచ్చాను. ఏ రాత్రి ఏ ఊళ్లో పడక, ఏ పొద్దున ఏ రైలు, అన్నీ ఎస్టిమేటు వేసినట్టు వేశాను. ఏ ఎస్టిమేటులోనూ గండి ఎక్కడ పడుతుందో ఉండదు. నా వయసు వాళ్లు ఏ ఊరికెళ్లినా మొదట వెతికేది మ్యూజియం కాదు, బాత్రూము. అక్కడి రైల్వే స్టేషన్లలో దానికీ కార్డు గీకాలట. ఆ సంగతి రాయడానికి ఫారంలో చోటు లేదు.

చివరగా వేలిముద్రలు. నాలుగు వేళ్లూ గాజు పలక మీద పెట్టాను. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను. ఎర్రదే. "మీ వేళ్లు పడట్లేదు అంకుల్" అంటూ ఆ అమ్మాయి తడి టిష్యూ ఇచ్చింది. తుడుచుకున్నాను, ఫ్యాను కింద ఆరబెట్టుకున్నాను. గీతలన్నీ అరిగిపోయాయి. కొన్ని కాలవగట్ల మీద పోయుంటాయి, మిగిలినవి గిన్నెల సబ్బుకి. ఆఖరికి ఆ అమ్మాయే లేచొచ్చి తన చెయ్యి నా చేతి మీద పెట్టి గట్టిగా నొక్కింది. పచ్చ లైటు వెలిగింది. ఈ ముద్రలు 59 నెలలు చెల్లుతాయట. అన్నాళ్లు నేనుంటానో లేదో గానీ, నా వేళ్లు మాత్రం యూరప్‌లో ఉంటాయి.

బయటికొచ్చి ఆటో ఎక్కి మావాడికి ఫోన్ చేశాను. వీసాల కోసం జనం మొక్కుకునే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి రమ్మన్నాడు. హుండీ కూడా లేని స్వామి, కోరికకు 11 ప్రదక్షిణలు, తీరాక 108. పదకొండు చేసేశాను, తొమ్మిదో చుట్టులో మోకాలు కొంచెం పట్టేసింది. పాస్‌పోర్టు ఇంకా రాలేదు. మిగతా 108 సంగతి మోకాళ్లకు చెప్పినప్పటి నుంచి అవి కూడా కాన్సులేటు పక్షం చేరాయి.