స్క్రిప్టులు ఉచితం చేసి మా కొంప ముంచారు

రచయితలు కావాలనుకునేవాళ్ల మీద ఇంత కుట్ర జరుగుతుంటే ఎవరూ నోరు మెదపడం లేదు. తప్పనిసరై నేనే రాస్తున్నాను.

ఒకప్పుడు హాయిగా ఉండేది. "స్క్రీన్‌ప్లే ఎంతవరకొచ్చింది?" అని ఎవరైనా అడిగితే, "అసలు స్క్రిప్టు ఎలా ఉంటుందో చూస్తే కదండీ రాయడానికి!" అనేవాళ్లం. అడిగినవాళ్లు జాలిపడి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు ఐఎంఎస్‌డీబీ అనే వెబ్‌సైట్ తెరిస్తే వందల సినిమాల స్క్రిప్టులు, పైసా ఖర్చు లేకుండా. బీబీసీ తన కార్యక్రమాల స్క్రిప్టులకు ఏకంగా లైబ్రరీయే పెట్టింది. ఆస్కార్ల సీజన్లో హాలీవుడ్ స్టూడియోలు కూడా "మీ పరిశీలనకు" అంటూ స్క్రిప్టులు బయటపెడతాయి. ఆ "మీరు" ఓటున్న సభ్యులు. మనకు ఓటు లేదు, అయినా పరిశీలిస్తాం. సీజన్ అయ్యాక లింకు ఎగిరిపోతుందేమోనన్న టెన్షన్‌తో అర్ధరాత్రి దాటాక కూడా పరిశీలిస్తాం.

పరిశీలించడమంటే డౌన్‌లోడ్ చేయడం. నా దగ్గర "తప్పక చదవాలి" అనే ఫోల్డరుంది, 312 పీడీఎఫ్‌లు. దాని లోపల "ముందు ఇవి", 94. దాని లోపల "ఒట్టు, ఇవైనా", 11. ఆ 11కి పేర్లు మార్చి, ఏళ్లవారీగా సర్దేసరికి రెండు ఆదివారాలు పట్టింది. సాధన అంటే మాటలా?

నేర్చుకున్నదీ తక్కువేం కాదు. కొరియర్ ఫాంటు, 12 పాయింట్లు. పేజీకి దాదాపు ఒక నిమిషం. ఆ లెక్కన నా అరపేజీతో ముప్పై సెకన్ల సినిమా రెడీ. షూటింగ్ మొదలయ్యాక చేసే మార్పుల్ని నీలం, గులాబీ, పసుపు కాగితాల మీద ఇస్తారని తెలిసి, ఆ అరపేజీని ముందుజాగ్రత్తగా నీలం కాగితం మీదే ప్రింటు తీశాను.

మా మిత్రుడొకడు పాపం నిజంగానే ఒకటి చదివాడు. తీరా అది స్క్రిప్టు కాదు, ఎవరో సినిమా చూస్తూ డైలాగులు టైపు చేసి పెట్టింది. ఇప్పుడు వాడు రాసిన దాంట్లో ఇద్దరు తొంభై పేజీలు మాట్లాడుకుంటారు. ఎక్కడ కూర్చుని? వాళ్లకే తెలియదు.

మొన్న ధైర్యం చేసి ఆ 11లో ఒకటి తెరిచాను. ఒకడు తలుపు తీస్తాడు. లోపల ఎవరో ఉన్నారని గ్రహిస్తాడు. తలుపు వేయడు. మొత్తం మూడు లైన్లు, ఒక్క విశేషణం లేదు. నాకు ఊపిరాడలేదు. ఇంత మామూలు మాటలతో ఇదెలా చేశాడో అర్థం కాక, గబగబా ఫాంటు చూశాను.

కొరియరే. నాదీ అదే.